నిడుబ్రోలు ప్రొఫెసర్, మన పౌరశాస్త్రం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నెల రోజుల క్రితం ఫోన్ చేసి, "మాస్టారూ, మన సంఘం పెట్టి యాభై ఏళ్లయింది, రాజనీతి శాస్త్రం ప్రొఫెసర్‌గా మీ జీవితం గురించి ఒక పావుగంట చెప్పాలి" అన్నాడు. నిజం చెప్పాలంటే దానికి పావుగంట ఎక్కువ. రేపల్లె దగ్గరి పల్లెటూళ్లో పుట్టాను. ఈ బడిలో చదివాను. తెనాలిలో బి.ఏ., వాల్తేరులో ఎం.ఏ. చేశాను. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్లు తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ల కాలేజీల్లో పాఠాలు చెప్పాను. రిటైరయ్యాను. అయిపోయింది. పైగా మీరంతా అభిమానంతో ప్రొఫెసర్ అంటారు గానీ, రికార్డుల్లో నేను లెక్చరర్‌నే, చివరి కొన్నేళ్లు రీడర్‌ని.

మన వైపు ప్రొఫెసర్ అనే మాట ఇంటిపేరులా అతుక్కుపోయిన మనిషి ఒకాయన ఉన్నారు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు ఎక్కితే చుండూరు, మోదుకూరు దాటాక నిడుబ్రోలు వస్తుంది. ఆ స్టేషన్ మీదుగా నేను ఎన్ని వందల సార్లు ప్రయాణం చేశానో లెక్క లేదు. ఆ ఊరి మనిషి ఆచార్య ఎన్.జి.రంగా. పార్లమెంటులో కూడా ఆయన్ని ప్రొఫెసర్ రంగా అనే పిలిచేవారు. ఆయన చెప్పింది ఎకనామిక్స్, నేను చెప్పింది పాలిటిక్స్. ఆయన కాలేజీలో ఉన్నది కొద్ది ఏళ్లే, నేను జీవితమంతా ఉన్నాను. అయినా నా ఉద్యోగం గురించి చెప్పాలంటే ఆయన జీవితం చెప్పకుండా కుదరదు. నేను ఆయన శిష్యుణ్ణి కాను, ఆయన పార్టీల్లో దేనికీ చందా కట్టినవాణ్ణి కాను. కాబట్టి పొగడ్తా తిట్టూ రెండూ కొంచెం కొంచెం ఉంటాయి, ఓర్చుకోండి.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరు ఏ.సి. కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి 1926లో బి.లిట్. పట్టా తెచ్చుకున్నారు. మద్రాసు పచ్చయప్ప కాలేజీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ పట్టా ఉన్న కుర్రాడు ఇంగ్లండు బ్యాంకుల మీద, లండన్ మార్కెట్ మీద పుస్తకం రాసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఈయన మాత్రం భారతీయ గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద రాశారు. అందులో మొదటి సంపుటం డెల్టా గ్రామాల మీద. అంటే కాలవ నీళ్లు, మాగాణి, పాలేర్లు, అప్పులు. మనం పుట్టి పెరిగిన బురద అది. ఆ బురద పరిశోధనకు పనికొస్తుందని మన వైపు మొదట గుర్తించినవాళ్లలో ఆయన ఒకరు. నేను తెనాలిలో బి.ఏ. చదివేటప్పుడు మా పాఠాల్లో బ్రిటిష్ రాజ్యాంగం, అమెరికా రాజ్యాంగం, స్విట్జర్లాండ్ కాంటన్లు ఉండేవి. స్విట్జర్లాండ్‌లో ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరుగుతుందో నాకు వచ్చు. మా ఊరి పంచాయతీ సమితికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాదు. ఈ తేడా నాకు చాలా కాలం తర్వాత గాని తెలియలేదు.

1930లో రంగా గారు కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. పాఠాలు చెప్పడం మాత్రం మానలేదు, చోటు మార్చారంతే. సొంత ఊళ్లో రైతాంగ విద్యాలయం పెట్టారు. పల్లెటూరి కుర్రాళ్లకు రాజకీయాలు, ఆర్థిక శాస్త్రం చెప్పి, తిరిగి వాళ్ల ఊళ్లకు పంపడం దాని పని. పట్టా ఇవ్వదు, ఉద్యోగం రాదు. అక్కడ చదివినవాళ్లలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన గౌతు లచ్చన్న ఉన్నారు, చిత్తూరు నుంచి వచ్చిన పాటూరి రాజగోపాల నాయుడు ఉన్నారు. ఇద్దరూ తర్వాత రాష్ట్ర రాజకీయాల్లో ఎంత పెద్దవాళ్లయ్యారో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. నా ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో డిగ్రీ ఇప్పించిన విద్యార్థుల సంఖ్య ఎక్కువే. అలాంటి ఇద్దర్ని నేను తయారుచేశానా అంటే, కార్యదర్శి గారు నొచ్చుకోకపోతే, లేదు.

1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, మన నిడుబ్రోలు ప్రొఫెసర్ ప్రధాన కార్యదర్శి. జమీందారీ రద్దు కావాలన్న ఉద్యమం ఆ దశాబ్దంలో ఊపందుకుంది. ఆయన నినాదం రైతు-కూలీ రాజ్యం. దాని గురించి గాంధీ గారితో చర్చలు జరిపి పుస్తకం కూడా వేశారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న చిన్న గీత గురించి కాసేపాగి మళ్లీ చెబుతాను. నా ఉద్యోగమంతా ఆ గీత దగ్గరే జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన దారి వంకర టింకరగా పోయింది. 1951లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవి నీలం సంజీవరెడ్డి గారికి పోయింది. ప్రకాశం గారితో కలిసి బయటికొచ్చారు. కొద్ది రోజులకే ఆయనతోనూ విడిపోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేశారు. కమ్యూనిస్టులు పదిహేను సీట్లకు పడిపోయిన ఎన్నికలు అవి. మళ్లీ కాంగ్రెస్‌లోకి వెళ్లి 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇన్ని పార్టీలు మారిన మనిషిని ఏమనాలి అని నా విద్యార్థులు ప్రతి ఏడాదీ అడిగేవారు. ఏ పార్టీలో ఉన్నా భూమి మీద రైతుకున్న హక్కు గురించి ఆయన ఏం మాట్లాడారో చూడండి, అది మారిందో లేదో మీరే తేల్చుకోండి అనేవాణ్ణి.

అది తేలే సందర్భం 1959లో వచ్చింది. జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని తీర్మానించింది. రైతులు భూములు కలిపి ఉమ్మడిగా సాగు చేయాలన్నది నెహ్రూ గారి ఆలోచన. ఆ రోజుల్లో నెహ్రూ మాటకు ఎదురు చెప్పడం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు ఊహకు అందదు. రంగా గారు అప్పుడు పార్లమెంటులో కాంగ్రెస్ పక్షానికి కార్యదర్శి. ఆ పదవి వదిలేశారు, పార్టీ వదిలేశారు. జూన్‌లో మద్రాసులో రాజాజీ, మసానీ వంటివాళ్లతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి మొదటి అధ్యక్షులయ్యారు. అంటే దేశంలో నెహ్రూ గారి ఆర్థిక విధానాన్ని ఎదిరించిన కొత్త పార్టీకి అధ్యక్షుడు మన తెనాలి ఎం.పి. ఇది మన పిల్లల పుస్తకాల్లో ఒక్క వాక్యంగా కూడా లేదు. 1962 సాధారణ ఎన్నికల్లో ఓడిపోయారు. అదే ఏడాది చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి మళ్లీ సభకు వెళ్లారు. 1967లో లచ్చన్న గారి సొంత జిల్లా శ్రీకాకుళం నుంచి గెలిచారు. ఆ ఏడాది స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి. నిడుబ్రోలు బడి విద్యార్థులు ఉన్న జిల్లాలే గురువు గారికి ఆపదలో సీటు ఇచ్చాయని నాకనిపిస్తుంది. రాజకీయాల్లో గురుదక్షిణ అంటే అదే కాబోలు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఈ సహకార వ్యవసాయం గొడవ మా ఇంటి అరుగు మీదికి కూడా వచ్చింది. మా నాన్న కౌలు రైతు. సొంతం అరెకరం, కౌలు నాలుగెకరాలు. కాగితం లేదు, నోటి మాట. 1956లో కౌలుదారీ చట్టం వచ్చిందని మా నాన్నకు తెలుసు. కానీ కాగితం రాయమని అడిగితే మరుసటి ఏడు పొలం ఇవ్వరని అంతకంటే బాగా తెలుసు. అరుగు మీద కూర్చున్న పెద్ద రైతులు "మన భూమి లాక్కుంటార్ట, రంగా గారు అడ్డుపడ్డారు" అని చెప్పుకుంటుంటే మా నాన్న చుట్ట ఆర్పి, "లాక్కుంటే మీది పోద్ది. లాక్కోకపోతే నాదేవుందిరా అబ్బాయ్?" అన్నాడు. వాళ్లు నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. రంగా గారి మీద ఆయనకు కోపమేమీ లేదు, తర్వాత ఓటు కూడా ఆయన పార్టీకే వేశాడనుకుంటాను. కానీ వాల్తేరులో ఆస్తి హక్కు మీద పెద్ద పెద్ద పుస్తకాలు చదువుతున్నప్పుడు నాకు అడ్డొచ్చి నిలబడింది మా నాన్న అడిగిన ఆ ప్రశ్నే. రంగా గారి రైతు ఎవరు? పట్టా ఉన్నవాడా, నాగలి పట్టినవాడా, నాట్లు వేసిన ఆడమనిషా?

ఇప్పుడు ఆ గీత దగ్గరికి వస్తాను.

1991లో నేను తెనాలిలో పని చేస్తున్నాను. ఆగస్టు 6న చుండూరులో ఏం జరిగిందో ఈ సభలో వివరించి చెప్పనక్కర్లేదు. ఎనిమిది మంది దళితుల్ని చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాటతో మొదలై, సాంఘిక బహిష్కరణ దాకా వెళ్లి, అక్కడికి చేరింది. బతికినవాళ్లు తెనాలి వచ్చి తలదాచుకున్నారు. నేను రోజూ రైల్లో దాటే స్టేషన్ అది. కాలేజీ మళ్లీ మామూలుగా నడవడం మొదలయ్యాక క్లాసుకు వెళితే బెంచీల మీద పిల్లలు కూర్చునే వరస మారిపోయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆపలేదు, వాళ్లంతట వాళ్లే విడిపోయారు. ఆ వారం సిలబస్ ప్రకారం రావలసిన పాఠం ప్రాథమిక హక్కులు. పద్నాలుగో అధికరణం నుంచి పదిహేడు దాకా. పదిహేడు అంటే అంటరానితనం నిషేధం.

పాఠం అయ్యాక వెనక వరసలోంచి ఒక అబ్బాయి లేచాడు. చుండూరు పక్క ఊరివాడు. "మాస్టారూ, 1989లో చట్టం వచ్చిందన్నారు కదండీ, ఆ చట్టం కాపీ ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు. ఉపన్యాసం అడిగితే ఇచ్చేవాణ్ణి, కాపీ అడిగాడు. మా లైబ్రరీలో లేదు. తెనాలి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక స్నేహితుడి దగ్గర దొరికింది. జిరాక్స్ తీయించుకొచ్చాను. ఇంగ్లీషులో ఉంది. సగం మందికి అర్థం కాదు. అప్పుడు నిడుబ్రోలు గుర్తొచ్చింది. రంగా గారి బడిలో పల్లెటూరి పిల్లలకు వాళ్ల భాషలో చెప్పకపోతే ఆ బడి ఒక్క ఏడు కూడా నిలిచేది కాదు. నేనూ రోజుకు రెండు సెక్షన్ల చొప్పున తెలుగులోకి మార్చి, గట్టిగా చదివి, బోర్డు మీద రాయించాను. సిలబస్ రెండు వారాలు వెనకబడింది. ప్రిన్సిపాల్ గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు, ఆయనకు ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను. మొదటి మూడు రోజులు పెద్ద రైతుల పిల్లలు నలుగురైదుగురు క్లాసు మానేశారు. నాలుగో రోజు వాళ్లలో ఒకడు వచ్చి తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. వాడు ఏమనుకున్నాడో నేను అడగలేదు. చివరి దాకా వచ్చాడు, నోట్సు రాసుకున్నాడు.

రంగా గారు 1930లలో హరిజన నాయకుడు అనే నవల రాశారు. చాలామందికి తెలియదు. ఆ సంవత్సరం నేను దాని గురించి క్లాసులో చెప్పాను. రైతు నాయకుడిగా పేరు పడ్డ మనిషికి ఆ రోజుల్లోనే హరిజన నాయకుడు కథానాయకుడు కావాలని తోచింది, అది గొప్ప సంగతి. కానీ ఆయన కట్టిన ఉద్యమంలో, పెట్టిన పార్టీల్లో రైతు అన్న మాటే ముందుండేది, కూలీ అన్న మాట గీతకు అవతలే ఉండిపోయింది. ఇద్దరి ప్రయోజనం ఒకటే అనే నమ్మకం మీద ఆయన రాజకీయం నిలబడింది. జమీందారు ఎదురుగా ఉన్నంత కాలం ఆ నమ్మకానికి బలం ఉంది. జమీందారు పోయాక, కాలవ గట్టు మీద కూలి రేటు దగ్గర ఎదురెదురుగా నిలబడింది ఆ ఇద్దరే. ఇది నా అభిప్రాయం. ఆయన అభిమానులు ఈ సభలో చాలామంది ఉన్నారని తెలిసే చెబుతున్నాను, భోజనాల దగ్గర పోట్లాడుకుందాం.

ఆ ఏడాదే ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. తొంభై ఏళ్ల వయసులో గుంటూరు ఎం.పి.గా సభ నుంచి బయటికొచ్చిందీ ఆ ఏడాదే. మధ్యలో కొన్నేళ్లు తప్పించి 1930 నుంచి చట్టసభల్లో ఉన్న మనిషి, గిన్నిస్ పుస్తకం ఎక్కారు. 1995 జూన్ 9న పోయారు. మరుసటి ఏడాది వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. బాపట్లలో 1945 నుంచీ ఉన్న మన వ్యవసాయ కాలేజీ బోర్డు మీద కూడా ఆ పేరు చేరింది. అప్పటికి నేను బాపట్లకు బదిలీ అయ్యాను. సాయంత్రం ఆ గేటు ముందు నుంచి నడుస్తూ, విత్తనాల మీద, తెగుళ్ల మీద ఇంత పరిశోధన జరిగే చోట కౌలు కాగితం గురించి ఒక పాఠం ఉంటే మా నాన్నకు నచ్చేదేమో అనుకునేవాణ్ణి.

చుండూరు కేసు విచారణకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది, ఇరవై ఒక్క మందికి యావజ్జీవం. నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు మాట. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ రాత్రి, చట్టం కాపీ అడిగిన ఆ అబ్బాయే ఫోన్ చేశాడు. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఆఫీసులో పని చేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకున్నాను. "మాస్టారూ, తీర్పు తెలుగులో దొరుకుతుందాండీ? మా అమ్మకి చదివి చెప్పాలి" అన్నాడు. తెలుగులో లేదు. ఇంగ్లీషు ప్రతి తెప్పించుకుని, ఇద్దరం కూర్చుని ముఖ్యమైన పేజీలు తెలుగు చేశాం. ఆ అమ్మ విని, మంచినీళ్లు తాగి, "మరి చంపిందెవరంట?" అని అడిగింది. ముప్ఫై నాలుగేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నా దగ్గర జవాబు లేదు.

పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక చిన్న సంగతి కూడా చెబుతాను. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో తెనాలి లోక్‌సభ స్థానమే పోయింది. రంగా గారు 1957లో గెలిచిన సీటు ఇప్పుడు మ్యాపులో లేదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఇప్పుడు తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్లే మనిషి గుంటూరు జిల్లాలో బయలుదేరి, చుండూరులో బాపట్ల జిల్లాలోకి వెళ్లి, నిడుబ్రోలులో మళ్లీ గుంటూరు జిల్లాకి వచ్చి, తర్వాత మళ్లీ బాపట్ల జిల్లాలో దిగుతాడు. టికెట్ మాత్రం ఒకటే. ఈ గీతలు ఎవరు గీస్తారు, దేన్ని బట్టి గీస్తారు, మన బడి పక్కన ఉన్న కాలవ బాగు చేయమంటే ఏ ఆఫీసుకు వెళ్లాలి? నేను ఉద్యోగంలో ఉండగా ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి, కరణాలూ మునసబులూ పోయారు, పంచాయతీలకు రాజ్యాంగ హోదా వచ్చింది. వీటిలో ఒక్కటీ స్విట్జర్లాండ్‌లో జరగలేదు. అన్నీ మన ఊళ్లోనే జరిగాయి. అయినా డిగ్రీ పూర్తి చేసిన నా విద్యార్థి ఊళ్లో నిలబడి పంచాయతీ లెక్కలు అడగగలడా అంటే, నూటికి ఎందరో చెప్పడానికి నాకు మొహమాటంగా ఉంది.

అందుకే సంఘం వాళ్లు స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని అడిగితే, గేటుకు తోరణం వద్దన్నాను. హెడ్మాస్టరు గారు ఒక గది ఇస్తామన్నారు. వచ్చే నెల నుంచి ప్రతి శనివారం సాయంత్రం ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కూర్చుంటాను. మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. కౌలు రైతుల ఇళ్ల నుంచి, పేట నుంచి, పెద్ద బజారు నుంచి అందరూ రావాలి, కలిసి కూర్చోవాలి. బెంచీల వరస నేనే వేస్తాను. కూలీ పనికి వెళ్లే తల్లులు కూడా వస్తామంటే ఇంకా సంతోషం, వాళ్ల వీలును బట్టి టైము మారుద్దాం. పుస్తకాలకు డబ్బు అక్కర్లేదు. మొదటి పాఠానికి మాత్రం ఈ సంవత్సరం మన పంచాయతీ బడ్జెట్ కాపీ ఒకటి కావాలి. సర్పంచ్ గారు ముందు వరసలోనే కూర్చున్నారు కాబట్టి, అందరి ఎదుటా అడుగుతున్నాను.